ఏడో కుర్చీ

అక్టోబర్ 10, 1974, గురువారం

కోర్టు నుంచి ఉత్తరం వచ్చింది. కవరు మీద ఏవిస్ డోర్ అని ఉంది. మిసెస్ హార్లన్ డోర్ అని కాదు. పెళ్ళయిన మూడేళ్ళలో నా పేరున వచ్చిన మొదటి ఉత్తరం ఇదే.

అత్తయ్య దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రెండుసార్లు చదివింది. "ఇది హార్లన్‌కి రావలసింది. పొరపాటున నీ పేరు కొట్టారు" అంది.

హార్లన్ సాయంత్రం పడవ కట్టేసి వచ్చి, బూట్లు విప్పకుండానే చదివి నవ్వాడు. "ఇరవై ఒకటో తారీఖు నుంచి నాలుగు వారాలు జ్యూరీలో కూర్చోవాలట. నువ్వు! కొట్లో పిండి అడగడానికి కూడా నన్నే పంపిస్తావు కదే."

"రాలేనని రాసెయ్యనా?" అన్నాను.

"రాసెయ్. గరాటులు అల్లాలి, ఖాళీ లేదని రాయి."

అది నిజమే. వచ్చే వసంతానికి హార్లన్ కొత్త బోనులు దింపుతున్నాడు. బోనులోకి లాబ్‌స్టర్ దిగే వల గరాటులు ఇంకా సగం కూడా అల్లలేదు.

రాయలేదు. ముద్ర వేసిన కాగితానికి రానని ఎలా రాయాలో నాకు తెలియదు. అంతే. వెళ్ళాలని ఉండి కాదు.

అక్టోబర్ 14, సోమవారం

ఉత్తరం రొట్టెల డబ్బా వెనక పెట్టాను. ఇవాళ మూడుసార్లు తీసి చూశాను, తారీఖు మర్చిపోకూడదని.

అక్టోబర్ 21, సోమవారం

రాయాలంటే సిగ్గుగా ఉంది. ఎవరికీ చెప్పుకోలేనివి రాసుకోవడానికే కదా ఈ నోటుబుక్కు.

తెల్లవారకముందే తపాలా బండిలో బయల్దేరాను. నీలం గౌను వేసుకున్నాను. కోర్టు మేడ మీద పెద్ద గదిలో నలభై మందిమి బెంచీల మీద కూర్చున్నాం. గుమాస్తా స్ప్రేగ్‌గారు పేర్లు చదివారు. ఒక్కొక్కరూ "ఉన్నాను" అంటున్నారు. "ఏవిస్ డోర్" అన్నారు. నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ పిలిచారు. మూడోసారి కూడా పిలిచి, కాగితం మీద ఏదో గీసి, తర్వాతి పేరుకి వెళ్ళిపోయారు.

బడిలోనూ ఇంతే. లేచి నిలబడి పాఠం చదవమంటే ఇదే గాలి. అయిదో తరగతిలో అమ్మకి జబ్బు చేసి నేను బడి మానేస్తే టీచరు నాకంటే ఎక్కువ సంతోషించి ఉంటుంది.

సాయంత్రం నాలుగింటిదాకా అక్కడే కూర్చున్నాను. ఏ కేసూ మొదలవలేదు. అందరినీ ఇళ్ళకి పంపేశారు.

నేను ఇంటికి చేరేసరికి ఊరంతా తెలిసిపోయింది. మా ఇంట్లో ఫోను లేదు కాబట్టి కోర్టువాళ్ళు కొట్టుకి ఫోన్ చేశారు. ఏవిస్ డోర్ హాజరు కాలేదు, రేపు రాకపోతే పోలీసులు వచ్చి తీసుకెళ్తారని. కొట్టతను రేవులో అందరికీ చెప్పాడు.

"నలభై మైళ్ళు వెళ్ళి, రోజంతా అక్కడ కూర్చుని, రాలేదని రాయించుకొచ్చావా?" అన్నాడు హార్లన్. ఈసారి నవ్వలేదు.

"బుర్ర సరిగా లేదని రాసిచ్చెయ్, వదిలేస్తారు" అంది అత్తయ్య.

అక్టోబర్ 22, మంగళవారం

పేర్లు పిలవకముందే స్ప్రేగ్‌గారి బల్ల దగ్గరికి వెళ్ళి ఉత్తరం చూపించాను.

"నిన్న రాలేదేం?"

"వచ్చానండి."

"మరి పలకలేదే?"

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. "ఒక్క మాటేనమ్మా. ఉన్నాను అంటే చాలు. అంతకంటే చిన్న మాట కోర్టులో లేదు."

పిలిచేదాకా లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను. నా పేరు వచ్చినప్పుడు అన్నాను కూడా. పక్కన కూర్చున్నావిడ నా వైపు వంగి, "వినబడిందిలే అమ్మాయ్. ఎలుక తుమ్మినట్టుంది కానీ, వినబడింది" అంది. ఆవిడ పేరు కోరా. సార్డీన్ల ఫ్యాక్టరీలో డబ్బాలు సర్దుతుంది. రెండు వేళ్ళకి ఎప్పుడూ పట్టీలుంటాయట, చేపల తలలు కోసే కత్తెర గాయాలు.

నా పేరు పక్కన గీత కొట్టేసి హాజరు అని రాశారు. నేను చూస్తుండగానే రాశారు.

అక్టోబర్ 23, బుధవారం

కూర్చున్నాను.

అక్టోబర్ 24, గురువారం

కూర్చున్నాను. కిటికీకి పదహారు అద్దాలు. ఒకటి పగిలిపోతే అట్టముక్క పెట్టారు. అల్లిక తీసుకెళ్ళాను కానీ స్ప్రేగ్‌గారు ఒప్పుకోలేదు. "ఇది వంటిల్లు కాదమ్మా" అన్నారు. పదకొండింటికి లాయర్లు ఇద్దరూ రాజీ పడ్డారట, కేసు లేదన్నారు. అయినా మమ్మల్ని మూడింటిదాకా కూర్చోబెట్టారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

"మా ఫ్యాక్టరీలో చేపలకి ఇంతకంటే మర్యాద ఎక్కువ" అంది కోరా. "వాటిని ఎందుకు సర్దుతున్నామో వాటికైనా తెలుసు."

అక్టోబర్ 29, మంగళవారం

చెక్క పెట్టెలోంచి చీటీలు తీస్తే నా పేరు వచ్చింది. లేచి వెళ్ళి జ్యూరీ కుర్చీలో కూర్చున్నాను. ఒక లాయరు నా మొహం చూసి, చేతిలో కాగితం చూసి, "ఈవిడ వెళ్ళొచ్చు" అన్నాడు. ఏమీ అడగలేదు. మళ్ళీ బెంచీకి వచ్చేశాను.

ఫర్వాలేదు. నాకూ తొందరగా ఇంటికి వెళ్ళాలనే ఉంది.

రేపటికి నీలం గౌను ఇస్త్రీ చేశాను. నలిగింది కాబట్టి.

నవంబర్ 1, శుక్రవారం

కూర్చున్నాను. రెండు వారాలు. "అక్కడ ఏం చేస్తావే రోజంతా?" అని హార్లన్ అడిగాడు. కూర్చుంటానన్నాను. "అది ఇంట్లో కూడా చెయ్యొచ్చు కదా" అన్నాడు. చెయ్యలేను. ఇంట్లో ఎప్పుడైనా కూర్చున్నానా? ఆ మాట అతనితో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

రాత్రి భోజనాలయ్యాక అల్లుతూంటే అత్తయ్య నా చేతిలోంచి గరాటు లాక్కుని దీపం కింద పట్టి చూసింది. "మళ్ళీ పుర్రచేతి ముడులే. ఎన్నిసార్లు చెప్పాను, కుడిచేత్తో అల్లు అని. ముడి అడ్డం తిరిగి చూస్తోంది. రేవులో నా కొడుకు బోనులొక్కటే తలకిందుల బోనులు."

లాబ్‌స్టర్లు ఆ తేడా కనిపెట్టి తిరిగి వెళ్ళిపోవడం ఇంతవరకు ఎవరూ చూడలేదు. కానీ అది కూడా అనలేదు.

బడిలో టీచరు నా ఎడమచేతిని రిబ్బన్‌తో కుర్చీకి కట్టేసేది. అందుకే ఇప్పుడు కుడిచేత్తో రాస్తాను. అల్లిక అమ్మ నేర్పింది. అమ్మ ఏ చెయ్యీ కట్టలేదు.

నవంబర్ 6, బుధవారం

నన్ను తీసుకున్నారు. ఏడో కుర్చీ.

నెమ్మదిగా రాయాలి.

పెట్టెలోంచి నా పేరు ఏడోది వచ్చింది. కోరాది ఎనిమిది. ప్రభుత్వ లాయరు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "మీ ఆయన లాబ్‌స్టర్లు పడతారా?"

తల ఊపాను.

"నోటితో చెప్పాలమ్మా."

"పడతారండి."

"ఎప్పుడైనా మీ బోనులు ఎవరైనా ఎత్తుకెళ్ళారా?"

"పోయినేడు పదకొండు పోయాయండి."

"అయినా ఈ కేసులో విన్నది విని న్యాయంగా తీర్పు చెప్పగలరా?"

"చెప్పగలనండి."

అతను సంతోషంగా వెళ్ళి కూర్చున్నాడు. అటువైపు లాయరు నన్ను చూసి నిట్టూర్చాడు. అతను వద్దనగలిగినంత మందిని అప్పటికే వద్దనేశాడట, కోరా చెప్పింది.

ప్రమాణానికి చెయ్యెత్తమన్నారు. ఎత్తాను. జడ్జిగారు, "కుడి చెయ్యమ్మా, ఏడో నంబరు" అన్నారు. అందరూ చూశారు. నా మొహం ఉడికించిన లాబ్‌స్టర్ రంగుకి వచ్చి ఉంటుంది.

కేసు ఇది. రాబర్ట్ వెరిల్ అని అఖాతానికి అవతలి రేవులో పెద్ద బోనులవాడు. అతని బోనులు ఆరింటిని డెల్మాంట్ అనే కుర్రవాడు ఎత్తుకెళ్ళి, బోను ఎవరిదో చెప్పే తేలుడు బెండ్లు కోసేసి, తన రంగు బెండ్లు కట్టుకున్నాడట. డెల్మాంట్‌కి ఇరవై మూడేళ్ళు ఉంటాయేమో. కొత్త చొక్కా, మెడ దగ్గర మడత కూడా విప్పలేదు. బోను మీద వెరిల్ కాల్చిన ముద్ర లేదు. ముద్ర ఉన్న చెక్క పీకేసి కొత్తది కొట్టాడని వెరిల్ అంటాడు. ముద్ర ఎప్పుడూ లేదు, బోనులు నేనే చేసుకున్నానని డెల్మాంట్ అంటాడు.

దోషి అయితే మూడేళ్ళు లైసెన్సు పోతుంది. జడ్జిగారు ఆ మాట చెప్పలేదు, కానీ తీరంలో తెలియనిదెవరికి. మూడేళ్ళు పడవ ఒడ్డున ఉంటే ఆ పడవ ఇంక నీళ్ళలోకి వెళ్ళదు.

నాకు జాలి కలగలేదు. మా పదకొండు బోనులు పోయిన రోజు హార్లన్ అన్నం తినలేదు. పరాయివాడి బోను ముట్టుకోవడం కంటే నీచం మా వైపు లేదు.

ఇంట్లో అందరూ నా కోసం కాచుకుని ఉన్నారు. ఏం కేసు అని హార్లన్ అడిగాడు.

"చెప్పకూడదు."

"నాకు కూడానా?"

"జడ్జిగారు భర్తకి కూడా అన్నారు."

హార్లన్ ఫోర్కు కింద పెట్టాడు. అత్తయ్య నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసింది. "బోనుల దొంగ కేసని కొట్లో అన్నారులే" అన్నాడు చివరికి. "వాణ్ణి మాత్రం వదిలిపెట్టకు."

"ఆ మాట నువ్వు నాకు చెప్పకూడదు" అన్నాను.

మూడేళ్ళలో అతనితో అలా మాట్లాడటం ఇదే మొదలు. బంగాళాదుంపలు ఇంకో రెండు వడ్డించాను.

ఎవరికీ చెప్పకూడదన్నారు. నోటుబుక్కు ఎవరూ కాదు కదా.

నవంబర్ 7, గురువారం

పొద్దున్న వెరిల్, సముద్రం మీద తనిఖీకి తిరిగే వార్డెన్ సాక్ష్యం చెప్పారు. మధ్యాహ్నం వెరిల్ భార్య.

ఆవిడ తెల్ల చేతితొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆరు బోనుల్లో రెండింటిని లాయర్ల బల్ల మీద పెట్టారు. "వీటి గరాటులు ఎవరు అల్లారు?" అని ప్రభుత్వ లాయరు అడిగాడు.

"నేనే. పంతొమ్మిదేళ్ళుగా నేనే. మా ఆయన బోనుల్లో ఇంకొకరి ముడి ఒక్కటి ఉండదు. కొనుక్కొచ్చినది ఉండదు, అడుక్కొచ్చినది ఉండదు."

ఎలా అల్లుతారో చూపించమంటే సంచిలోంచి వల కండె, దారం తీసి అక్కడే నాలుగు వల కళ్ళు అల్లింది. ఎంత బాగా అల్లిందో. కుడి చెయ్యి పక్షిలా ఎగిరింది. ఒక్క కన్ను పెద్దది కాదు, చిన్నది కాదు. అల్లి, తల ఎత్తి గర్వంగా అందరినీ చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అద్దంలో ఎప్పుడూ చూడలేదు గానీ తెలుసు.

తర్వాత డెల్మాంట్. "గరాటులు మా అమ్మ అల్లింది. పోయిన మార్చిలో పోయింది. ఇవే ఆఖరివి" అన్నాడు.

"మీ అమ్మే అల్లిందని మాకెలా తెలుస్తుంది? సంతకం పెట్టిందా?" అన్నాడు ప్రభుత్వ లాయరు.

జనం నవ్వారు. డెల్మాంట్ తన బూట్లు చూసుకున్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కానీ నవ్వు నచ్చనంత మాత్రాన దొంగ కాకుండా పోడు.

ఇంకొకటి. రేవులో వేరేవాళ్ళ బోనులు చూస్తే నాకెప్పుడూ కొంచెం తేడాగా ఉంటుంది, పరాయి ఇంట్లో గ్లాసులు వేరే చోట ఉన్నట్టు. ఆ బల్ల మీద బోనులు అలా లేవు. మా ఇంటివాటిలా ఉన్నాయి. ఎందుకో. ఏడో కుర్చీ నుంచి బల్ల పదడుగులు ఉంటుంది. ముడులు కనబడవు.

ఇంట్లో పరీక్షలేవీ చెయ్యకూడదని జడ్జిగారు గట్టిగా చెప్పారు. గదిలో చూపించినది చూడాలి, విన్నది వినాలి, అంతే.

కానీ గరాటులు అల్లాలి కదా. నా పని అది. రాత్రి కళ్ళు మూసుకుని అల్లాను.

"అదేం కొత్త వేషం?" అంది అత్తయ్య.

"కళ్ళు మండుతున్నాయి అత్తయ్యా."

కళ్ళు మూసుకున్నా వేళ్ళకి తెలుస్తూనే ఉంది. వేళ్ళని ఏం చెయ్యను? జడ్జిగారు వేళ్ళ సంగతి చెప్పలేదు.

నవంబర్ 8, శుక్రవారం

ఇంటికొచ్చి గంటయింది. కోటు ఇంకా విప్పలేదు.

పొద్దున్న లాయర్లిద్దరూ మాట్లాడారు. పదకొండింటికి మమ్మల్ని వెనక చిన్న గదిలో పెట్టి తాళం వేశారు. పన్నెండు మందిమి, ఒక బల్ల, తాడు కట్టిన డోనట్ల డబ్బా, గోడ వార ఆ రెండు బోనులు. జ్యూరీకి పెద్దగా థర్లోగారిని ఎన్నుకున్నారు. సముద్రానికి దూరంగా ఉన్న పట్నంలో ఇనప సామాన్ల కొట్టు ఉంది ఆయనకి, నెమ్మదైన మనిషి.

"ముందు చీటీల మీద రాద్దాం" అన్నారు.

దోషి అని రాద్దామనుకున్నాను, అది నిజం. కలం ఎత్తాను. రాయలేదు. ఖాళీ చీటీ మడిచి ఇచ్చేశాను.

ఆయన చదివారు. పదకొండు దోషి. ఒకటి ఖాళీ.

"ఎవరో రాయడం మర్చిపోయారు" అన్నాడు ఓరిన్. బ్లూబెర్రీ తోటలవాడు, లావుపాటి మనిషి, మూడు వారాలుగా గడియారం చూస్తూనే ఉన్నాడు. "రాసెయ్యండి బాబూ, భోజనం ఇంట్లో చేద్దాం."

నేను ఊరుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. మళ్ళీ చీటీలు పంచుతారు, నేను మళ్ళీ ఖాళీది ఇస్తాను, లేకపోతే వాళ్ళు రాసినదే రాస్తాను. నా జీవితమంతా చేసినది అదే.

"నేనే" అన్నాను.

అందరూ తిరిగారు. కోరా, "ఏవిస్, నువ్వా!" అంది.

"ఏం తల్లీ, ఎందుకు?" అన్నారు థర్లోగారు.

నోరు తెరిచాను. మళ్ళీ గాలే. ఓరిన్ కుర్చీలో వెనక్కి వాలి, "పూర్తయింది" అన్నాడు. అప్పుడు నేను లేచి బోను దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని లోపల చెయ్యి పెట్టాను. మొదటి ముడి తగలగానే తెలిసిపోయింది. రెండోది, మూడోది. రెండో బోను. అన్నీ. మా అమ్మ చెయ్యి పట్టుకున్నట్టుంది.

డోనట్ల డబ్బా తాడు విప్పి రెండు ముక్కలు చేశాను. ఒకటి కోరాకి ఇచ్చాను. "వల ముడి వేయగలవా?"

"మా నాయనమ్మ కొట్టి మరీ నేర్పింది" అంది.

పెన్సిళ్ళకి కట్టి ఇద్దరం వేశాం. ఆవిడ కుడిచేత్తో, నేను ఎడమచేత్తో. రెండు ముడులూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. అప్పుడు మాట వచ్చింది. ముడి చేతిలో ఉంటే మాట కూడా వస్తుందని నాకు ఇంతకు ముందు తెలియదు.

"చూడండి. కోరాది ఇటు తిరిగింది. నాది అటు తిరిగింది. వల బోర్లా తిప్పండి, తలకిందులు చెయ్యండి, అటు తిరిగినది అటే ఉంటుంది. మార్చలేం. మా అత్తగారు మూడేళ్ళుగా ప్రయత్నిస్తున్నారు." ఎవరో నవ్వారు. ఇది వేరే నవ్వు. "ఇప్పుడు బోనులో చూడండి."

థర్లోగారు కళ్ళజోడు పెట్టుకుని వంగారు. ముడులు ఒక్కొక్కటి గోరుతో పట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. "అన్నీ మీదిలాగే ఉన్నాయి" అన్నారు.

"వెరిల్‌గారి భార్య కుడిచేత్తో అల్లింది. మనందరం చూశాం. వీటిని అల్లినవాళ్ళది ఎడమచేతి వాటం."

"ఆవిడకి పనిమనిషి ఉందేమో. కూతురుందేమో" అన్నాడు ఓరిన్. మంచి ప్రశ్నే.

"ఆవిడేం చెప్పిందో మళ్ళీ వినొచ్చా?" అన్నాను.

థర్లోగారు చీటీ రాసి పంపారు. మమ్మల్ని మళ్ళీ కుర్చీల్లోకి పిలిచి ఆవిడ మాటలు చదివి వినిపించారు. మా ఆయన బోనుల్లో ఇంకొకరి ముడి ఒక్కటి ఉండదు. ఆవిడ రెండో వరసలో కూర్చుని, ఆ మాటలు వింటూ తల ఎత్తింది. ఇప్పుడు కూడా అదే చూపు.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. అది రాసి పెట్టుకోవాలి. ఆ బోనులు ఎవరూ ఆవిడ చేతికి ఇవ్వలేదు, బల్ల మీదవి దూరం నుంచి చూసింది. ఆయన తనవే అన్నాడు, తనవైతే తన అల్లికే అనుకుంది. హార్లన్ ఇవి మనవే అంటే నేను లేచి వెళ్ళి ముడి చూసేదాన్నా? నిన్నటిదాకా అయితే చూసేదాన్ని కాదు.

మళ్ళీ గదిలోకి వెళ్ళాక ఓరిన్ కూడా మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. లేవడానికి ఇద్దరం చెయ్యందించాం. "నలభై ఏళ్ళుగా లాబ్‌స్టర్లు తింటున్నాను. ఈ గరాటు లోపల ఇంత ఉందని ఎవడికి తెలుసు" అని గొణుక్కుంటూ చీటీ తీసుకున్నాడు.

మూడు గంటలకి పన్నెండు చీటీలూ ఒకటే అయ్యాయి.

అప్పుడు నేను ఎదురుచూడనిది జరిగింది. మళ్ళీ కోర్టు కుర్చీల్లోకి వచ్చాక, థర్లోగారు లేచి తీర్పు చెప్పగానే ప్రభుత్వ లాయరు, ఒక్కొక్కరి నోటా వినాలన్నాడు. స్ప్రేగ్‌గారు కాగితం తీసి పేర్లు పిలవడం మొదలుపెట్టారు. నాలుగు. అయిదు. ఆరు.

"ఏవిస్ డోర్. మీ మాట ఏమిటి?"

"నిర్దోషి."

గది చివర తలుపు దగ్గర నిలబడిన పోలీసు కూడా నా వైపు చూశాడు. అంత గట్టిగా వచ్చింది. స్ప్రేగ్‌గారు కళ్ళజోడు పైకి తోసుకుని "కోరా" అని మొదలుపెట్టారు.

మెట్ల దగ్గర డెల్మాంట్ థర్లోగారి చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. వదలడం లేదు. గదిలో మాటలు గదిలోనే ఉండాలని మేం పన్నెండు మందిమీ అనుకున్నాం, అందుకని థర్లోగారు ఊరికే నవ్వుతున్నారు. నేను పక్కనుంచి వెళ్తుంటే డెల్మాంట్ నా కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ముందు మీరు వెళ్ళండమ్మా, చలిగా ఉంది" అన్నాడు. ఆ గదిలో నేనేం చేశానో అతనికి తెలియదు. ఎప్పటికీ తెలియదు.

అతని చొక్కా మడత ఇంకా అలాగే ఉంది.

నవంబర్ 9, శనివారం

హార్లన్‌కి కొట్లో తెలిసింది. "వదిలేశారటగా" అన్నాడు.

"వదిలేశాం."

"నువ్వు కూడానా? మన పదకొండు బోనులు మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. అవి అతను ఎత్తుకెళ్ళలేదు. ఇవి కూడా ఎత్తుకెళ్ళలేదు."

"నీకెలా తెలుసు?"

"తెలుసు."

కోపం వస్తుందేమో అనుకున్నాను. "సరే" అని బయటికి వెళ్ళి కట్టెలు కొట్టాడు. మామూలుగా కొట్టేవాటికి రెండింతలు కొట్టాడు. ఆ తర్వాత లోపలికొచ్చి, "నీకు తెలిస్తే నిజమే అయ్యుంటుంది" అన్నాడు, చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా.

నవంబర్ 12, మంగళవారం

కూర్చున్నాను. కేసు లేదు.

నవంబర్ 13, బుధవారం

కూర్చున్నాను. పగిలిన అద్దం మార్చారు.

నవంబర్ 15, శుక్రవారం

ఆఖరి రోజు. స్ప్రేగ్‌గారు పేర్లు చదివారు. నా పేరు సగంలో ఉండగానే "ఉన్నాను" అన్నాను. కోరా బెంచీ మీద కొట్టి మరీ నవ్వింది. "ఎలుక పిల్లిని మింగింది" అంది. వసంతంలో ఫ్యాక్టరీ తెరిచినప్పుడు రమ్మంది, చేపలు సర్దడం నేర్పిస్తానంది. కత్తెర ఏ చేత్తో పట్టుకున్నా అక్కడ ఎవరూ అడగరట.

పదింటికి జడ్జిగారు వచ్చి మా అందరికీ కృతజ్ఞతలు చెప్పి పంపేశారు. ఏడో కుర్చీ పక్కగా నడిచి వెళ్ళాను. దారి అటే ఉంది.

సాయంత్రం షెడ్డులో హార్లన్ కొత్త బోనుల చెక్కల మీద ఇనుము కాల్చి హెచ్.డి. అని ముద్రలు వేస్తున్నాడు. పొగ వాసన. నేను గరాటులు కడుతున్నాను. అత్తయ్య స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఎన్ని ముద్రలేసినా ఏం లాభం" అన్నాడు హార్లన్. "చెక్క పీకేస్తే పోతుంది. దొంగ తీయలేని గుర్తు ఏదైనా ఉంటే బాగుండును."

"పుర్రచేతి గరాటులున్నాయిగా" అంది అత్తయ్య వెక్కిరింతగా. "అలాంటివి ఎత్తుకెళ్ళడానికి దొంగ కూడా సిగ్గుపడతాడు."

అంతకు ముందయితే తల దించుకునేదాన్ని. ముడి బిగించి, పళ్ళతో దారం తెంపి, గరాటు అత్తయ్య ఒళ్ళో పెట్టాను.

"అవునత్తయ్యా. ఎక్కడ కనబడినా నావేనని చెప్పగలను" అన్నాను. "ఏ కోర్టులోనైనా."

హార్లన్ ఇనుము ఎత్తి పట్టుకుని ఆగిపోయాడు. అత్తయ్య గరాటు తిప్పి చూసింది, అటు, ఇటు, తలకిందులుగా. తిరిగి నా చేతికిచ్చింది. ఎడమచేతికే ఇచ్చింది.